'ఈస్ట్‌ఎండర్స్' టైము మారింది: ఎవర్ని అడగాలి, ఏం అడగాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. అమెరికాలో మీ ఊరి పబ్లిక్ టీవీ స్టేషన్‌లో ఇన్నాళ్లూ సోమవారం నుంచి శుక్రవారం దాకా రాత్రి 7:30కి వచ్చే బీబీసీ సీరియల్ 'ఈస్ట్‌ఎండర్స్'ని ఈ నెల నుంచి శనివారం రాత్రి 11:30కి మార్చారు. వరసగా రెండు ఎపిసోడ్లు వేస్తున్నారు. మీ దగ్గరుంటున్న మీ అత్తగారు నాలుగేళ్లుగా రోజూ భోజనం అయ్యాక అదే చూస్తారు, ఇప్పుడు అంతసేపు మేలుకోలేకపోతున్నారు. మార్చింది ఎవరు, ఎందుకు మార్చారు, అడిగితే పాత టైముకి తెస్తారా అన్నది మీరు తెలుసుకోవాలనుకుంటున్నారు.

నేను అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక పబ్లిక్ టీవీ స్టేషన్‌లో 19 ఏళ్లు పనిచేశాను. మొదట ట్రాఫిక్‌లో, అంటే ఏ నిమిషానికి ఏ కార్యక్రమం ఎక్కాలో రాసిపెట్టే విభాగంలో, ఆ తర్వాత ప్రోగ్రామింగ్‌లో. ఈ సీరియల్‌ని నా చేతులతోనే మూడుసార్లు అక్కడి నుంచి ఇక్కడికి మార్చాను. మార్చిన ప్రతిసారీ వచ్చిన ఫోన్లు ఎత్తింది కూడా నేనే.

ముందు సూటిగా జవాబు. మార్చింది మీ స్టేషనే. పబ్లిక్ స్టేషన్లకి జాతీయ కార్యక్రమాలు పంచే పీబీఎస్‌కీ, బీబీసీకీ ఇందులో ప్రమేయం లేదు. పాత 7:30 స్లాట్ మళ్లీ దొరకడం చాలా కష్టం, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. కానీ అడిగితే ఇవ్వగలిగింది ఒకటి వాళ్ల దగ్గర ఉంది: వారానికి ఎన్ని ఎపిసోడ్లు వేస్తారన్న సంఖ్య. మీరు రాసే ఉత్తరంలో టైము గురించి ఒక్క మాట రాసి, మిగతాదంతా ఆ సంఖ్య గురించి రాయండి. ఎందుకో కింద చెప్తాను.

ముందు ఈ స్టేషన్ల సంగతి. మనవాళ్లు చాలామంది పీబీఎస్ అంటే మన దూరదర్శన్ లాంటిదే అనుకుంటారు. దూరదర్శన్‌లో ఢిల్లీ నుంచి వచ్చేది అన్ని కేంద్రాలూ వేయాల్సిందే, మిగిలిన సమయంలో హైదరాబాద్ కేంద్రం తన తెలుగు కార్యక్రమాలు సర్దుకునేది. ఇక్కడ దానికి తలకిందులు. పీబీఎస్‌కి సొంతంగా ఒక్క స్టేషన్ కూడా లేదు. దేశమంతటా దాదాపు 330 స్టేషన్లు దాంట్లో సభ్యులు. ఒకటి యూనివర్సిటీది, ఒకటి రాష్ట్ర ప్రభుత్వానిది, ఒకటి ఊరి పెద్దలు కలిసి పెట్టుకున్న సంస్థది. రాత్రి 8 దాటాక వచ్చే పీబీఎస్ కార్యక్రమాల్లో కొన్నింటిని అందరూ ఒకే రాత్రి వేయాలన్న ఒప్పందం ఉంటుంది. మిగతా గంటలన్నీ స్టేషన్ ఇష్టం.

'ఈస్ట్‌ఎండర్స్' ఆ పీబీఎస్ జాబితాలో లేదు. 1988లో అమెరికా పబ్లిక్ స్టేషన్లకు ఇది వచ్చిన నాటి నుంచీ ఏ స్టేషన్‌కి ఆ స్టేషన్ బీబీసీ అమ్మకాల విభాగం దగ్గర కొనుక్కోవాల్సిందే. ఇన్ని ఎపిసోడ్లు, ఇన్నేళ్ల లోపల, ఇన్నిసార్లు వేసుకోవచ్చు అని కాగితం ఉంటుంది. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లోని డబ్ల్యూఎల్ఐడబ్ల్యూ, వాషింగ్టన్ రాష్ట్రం టకోమాలోని కేబీటీసీ లాంటివి ఏళ్ల తరబడి ఇలాగే కొని వేశాయి. అందుకే ఒక ఊళ్లో వచ్చే ఎపిసోడ్‌కీ పక్క రాష్ట్రంలో వచ్చే ఎపిసోడ్‌కీ సంబంధం ఉండదు. అందుకే మీరు వర్జీనియాలో ఉన్న పీబీఎస్ ప్రధాన కార్యాలయానికి రాస్తే, 'మీ స్థానిక స్టేషన్‌ని సంప్రదించండి' అని మర్యాదగా జవాబు వస్తుంది. ఎఫ్‌సీసీకి, అంటే ప్రసారాలని నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థకి, ఫిర్యాదు చేయమని ఎవరో చెప్పారని రాశారు. దానివల్ల లాభం లేదు. ఏ కార్యక్రమం ఎన్నింటికి వేయాలో ఎఫ్‌సీసీ చెప్పదు.

ఇక ఎందుకు మార్చి ఉంటారు? మీ స్టేషన్ లోపల ఏం జరిగిందో నేను చూడలేదు కాబట్టి, మా దగ్గర ఎలా జరిగేదో చెప్తాను.

రాత్రి 7 నుంచి 8 దాకా ఉన్న గంట స్టేషన్‌కి బంగారం లాంటిది. పీబీఎస్ జాతీయ కార్యక్రమాలు మొదలవడానికి ముందు స్థానికంగా చేతిలో ఉండే చివరి గంట అదే. జనం ఇంట్లో ఉంటారు, టీవీ పెట్టి ఉంటుంది. అందుకని ఎవరికి కొత్త ఆలోచన వచ్చినా వాళ్ల కన్ను ఆ గంట మీదే పడుతుంది. స్థానిక రాజకీయాల మీద చర్చ పెట్టాలన్నా, ఊరి వంటల కార్యక్రమం మొదలుపెట్టాలన్నా, చందాదారులు అడుగుతున్నారని పాత డిటెక్టివ్ సీరియల్ తేవాలన్నా అక్కడే. మా దగ్గర మొదటిసారి అలాగే పోయింది. రాష్ట్ర అసెంబ్లీ మీద వారం వారం ఒక కార్యక్రమం పెట్టాలని పైనుంచి నిర్ణయం వచ్చింది. ఆ కార్యక్రమానికి కావాల్సింది ఒక్క శుక్రవారమే. కానీ వారంలో ఒక రోజు విరిగితే మిగతా నాలుగు రోజులూ నిలబడవు. రోజూ ఒకే టైముకి వచ్చే వరసలో ఒక రోజు ఖాళీ పడితే చూసేవాళ్లకి అలవాటు తప్పుతుందన్న భయంతో మొత్తం సీరియల్‌నే లేపి శనివారానికి పంపారు.

రెండో కారణం డబ్బు. పబ్లిక్ టీవీ చందాల మీద బతుకుతుంది. ఏడాదికి మూడు నాలుగు సార్లు మామూలు కార్యక్రమాలు పక్కన పెట్టి, ఫోన్ల ముందు వాలంటీర్లని కూర్చోబెట్టి, 'మీరిస్తేనే ఇది నడుస్తుంది' అని అడుగుతారు. దాన్ని ప్లెడ్జ్ డ్రైవ్ అంటారు. ఏ కార్యక్రమం నడుస్తుండగా ఎన్ని ఫోన్లు వచ్చాయన్నది లెక్క కడతారు. 'ఈస్ట్‌ఎండర్స్'కి చూసేవాళ్లు తక్కువే అయినా ఇచ్చేవాళ్లు ఎక్కువ. మా ఊళ్లో ఒక ప్లెడ్జ్ రాత్రి అభిమానులే వచ్చి ఫోన్ల దగ్గర కూర్చున్నారు. సీరియల్‌లో ఉండే క్వీన్ విక్ పబ్ బోర్డుని అట్టముక్క మీద గీసి తెచ్చి స్టూడియో గోడకి అంటించారు. ఆ రాత్రి వచ్చిన చందాతో ఆ ఏడాది హక్కులు కొన్నాం. కానీ ఇలాంటి రాత్రులు ఏడాదికి ఒకటి రెండే. మిగతా రోజుల్లో ప్రేక్షకుల సంఖ్య పట్టిక ముందు పెట్టుకుని కూర్చుంటే ఈ సీరియల్ పేరు కింద వరసలోనే కనిపిస్తుంది.

పైగా ఇప్పటి పరిస్థితి మరీ కష్టంగా ఉంది. 2025 జులైలో అమెరికా కాంగ్రెస్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్‌కి అంతకుముందే కేటాయించిన 110 కోట్ల డాలర్లని వెనక్కి తీసుకుంది. ఆ డబ్బుని స్టేషన్లకి పంచే కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ ఆ మరుసటి నెలలోనే తన మూసివేత ప్రకటించింది. చిన్న ఊళ్ల స్టేషన్లకి ఆ దెబ్బ ఎక్కువ తగిలింది. ఇలాంటప్పుడు మీ స్టేషన్ సీరియల్‌ని ఆపేయకుండా శనివారానికి మార్చి ఉంచిందంటే, లోపల దాని తరఫున గట్టిగా మాట్లాడినవాళ్లు ఎవరో ఉన్నారని నా నమ్మకం. ఉత్తరం రాసేటప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకోండి. మీరు రాయబోయేది బహుశా మీ పక్షాన ఉన్న మనిషికే.

'పెద్దల కార్యక్రమమని రాత్రికి మార్చారా' అని కూడా అడిగారు. అది కాకపోవచ్చు. బ్రిటన్‌లో రాత్రి 9 ముందు పిల్లలు చూసే సమయం అని ఒక గీత ఉంది, 'ఈస్ట్‌ఎండర్స్' ఆ గీతకి ఇవతలే తయారవుతుంది. అమెరికాలో రాత్రి 10 దాటాక మాత్రమే వేయాల్సినంత విషయం అందులో సాధారణంగా ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. లెక్క.

'ఈస్ట్‌ఎండర్స్' 1985 ఫిబ్రవరి 19న బీబీసీ వన్‌లో మొదలైంది. మొదట్లో వారానికి రెండు ఎపిసోడ్లు. 1994లో మూడు చేశారు, 2001లో నాలుగు. అంటే 2001 తర్వాత బ్రిటన్‌లో ఏడాదికి దాదాపు 208 ఎపిసోడ్లు. మీ స్టేషన్ ఇన్నాళ్లూ వారానికి ఐదు వేసింది. ఏడాదికి 260 అవ్వాలి. ప్లెడ్జ్ రోజులు, ఎన్నికల చర్చలు, సెలవుల ప్రత్యేక కార్యక్రమాలు తీసేస్తే మా అనుభవంలో 225 దాకా మిగిలేవి. బ్రిటన్‌లో ఒక ఏడాదిలో జరిగిన కథ మన దగ్గర 11 నెలల్లో అయిపోయేది. వెనకబాటు ఉన్నా, ఏడాదికి ఒక నెల చొప్పున తగ్గుతూ వచ్చేది.

ఇప్పుడు వారానికి రెండే. ఏడాదికి 104. అందులో ప్లెడ్జ్ శనివారాలు పోతాయి. ప్లెడ్జ్‌కి వారాంతాలంటే ప్రాణం కాబట్టి ఎనిమిది వారాల దాకా పోతాయి. మిగిలేది దాదాపు 90. అంటే బ్రిటన్‌లో ఒక ఏడాది కథ చూడటానికి మీ అత్తగారికి రెండేళ్ల మూడు నాలుగు నెలలు పడుతుంది. ఇప్పుడు ఆవిడ చూస్తున్నవి 2012 మధ్య నాటి ఎపిసోడ్లని రాశారు. 2013 క్రిస్మస్ దాకా రావాలంటే పాత వరసలో ఏడాదిన్నర కూడా పట్టేది కాదు. ఇప్పుడు మూడున్నరేళ్లు పడుతుంది. ఈలోగా బ్రిటన్‌లో ఇంకో మూడున్నరేళ్ల కథ పేరుకుంటుంది.

స్టేషన్లలో ఈ లెక్క ఎవరూ వేయరు. ఇది నేను అనుభవంతో చెప్తున్న మాట. గడుల పట్టికలో చూస్తే అది ఒక అరగంట గడి అక్కడి నుంచి ఇక్కడికి జరగడమే. డిటెక్టివ్ సీరియల్ అయితే అది నిజం కూడా, ఏ వారం కథ ఆ వారమే ముగుస్తుంది. ఒకే వీధిలోని మనుషుల కథ ఏళ్ల తరబడి సాగే ఇలాంటి వీధి సీరియల్ అలా కాదు. ఆ వీధిలో పిల్లలు పుడతారు, బడికి వెళ్తారు, పెళ్లిళ్లవుతాయి, ముసలివాళ్లు పోతారు, అన్నీ మనతో పాటే జరుగుతాయి. వేగం సగానికి తగ్గితే ఆ మనుషుల వయసు మన వయసుతో కలవదు.

ఇంకో చిన్న విషయం, కానీ నాకు పెద్దదే. ప్రతి ఎపిసోడ్ చివర ఎవరో ఒకరి మొహం మీద కథ ఆగి, డ్రమ్ముల దరువు పడుతుంది. అభిమానులు దాన్ని 'డూఫ్ డూఫ్' అంటారు. రోజుకొకటి వేసినప్పుడు ఆ దరువు తర్వాత మర్నాడు 7:30 దాకా మనసులో తిరుగుతూ ఉంటుంది. మా స్టేషన్‌కి ఫోన్ చేసే పెద్దావిడలు 'నిన్న రాత్రి నిద్ర పట్టలేదండీ' అనేవాళ్లు. రెండు ఎపిసోడ్లు వెంట వెంటనే వేస్తే మొదటి దరువు అరనిమిషంలో తేలిపోతుంది, రెండోదానికి వారం ఆగాలి. కంట్రోల్ రూములో కూర్చుని చూస్తుంటే ఆ మొదటి దరువు వృథాగా పోతోందని నాకు ప్రతి శనివారం అనిపించేది.

అలాగని టైము మార్పు ఎప్పుడూ కీడేనని అనను. ఈ సీరియల్‌ని నిలబెట్టింది కూడా ఒక టైము మార్పే. 1985లో మొదలైనప్పుడు రాత్రి 7 గంటలకి వేసేవాళ్లు. అదే టైముకి పోటీ ఛానల్ ఐటీవీలో 'ఎమర్‌డేల్ ఫార్మ్' వచ్చేది, జనానికి అదీ ఇష్టమే. అప్పుడు బీబీసీ వన్ చూసుకునే మైకేల్ గ్రేడ్ ఆ సెప్టెంబరులో దీన్ని అరగంట వెనక్కి, 7:30కి జరిపారు. రెండూ చూసే వీలు దొరికింది. అక్కడి నుంచి ప్రేక్షకులు పెరిగి పెరిగి 1986 క్రిస్మస్ రాత్రి, డెన్ తన భార్య ఏంజీ చేతిలో విడాకుల కాగితాలు పెట్టిన ఎపిసోడ్‌ని 3 కోట్ల మందికి పైగా చూశారని లెక్క. 2022లో బీబీసీ మళ్లీ రోజులు మార్చి సోమవారం నుంచి గురువారం దాకా 7:30 అని స్థిరపరిచింది. గమనించండి, అప్పుడు కూడా వారానికి నాలుగు అన్న సంఖ్య తగ్గించలేదు.

మా దగ్గర జరిగింది చెప్తాను, మీకు దారి దొరుకుతుంది.

2014 వసంతంలో మేం దీన్ని మీ స్టేషన్ లాగే వారం రోజుల నుంచి తీసి శనివారానికి మార్చాం. అప్పుడు మా దగ్గర 2007 మొదట్లోని ఎపిసోడ్లు నడుస్తున్నాయి. మొదటి రెండు వారాల్లో ఈమెయిళ్లు, ఫోన్లు చాలా వచ్చాయి. ఎక్కువ భాగం కోపంగానే ఉన్నాయి. 'ఇక మీకు పైసా ఇవ్వను' అన్నవాళ్లు ఉన్నారు. నిజం చెప్పాలంటే అవి మా డైరెక్టరు గారి దగ్గర పనిచేయలేదు. ఏది మార్చినా అవే మాటలు వస్తాయి కాబట్టి ఆవిడ వాటిని లెక్కపెట్టి ఫైల్లో పెట్టేసేవారు.

మూడో వారం ఒక ఉత్తరం వచ్చింది. గీతల కాగితం మీద పెన్సిల్‌తో రాసింది. రాసినావిడ వయసు 81. ప్యాట్ అనే పాత్రని 1986 నాటి ఎపిసోడ్ల నుంచి చూస్తున్నానని రాశారు. పెద్ద పెద్ద చెవి రింగులు పెట్టుకునే ప్యాట్ ఈ సీరియల్‌లో అందరికీ గుర్తుండే మనిషి. బ్రిటన్‌లో ఆ పాత్ర 2012 జనవరి 1న చనిపోయిందని ఆవిడకి ముందే తెలుసు, ఎక్కడో చదివారు. కింద ఒక చిన్న పట్టిక గీశారు. ఒక వరసలో 'రోజుకొకటి', ఇంకో వరసలో 'వారానికి రెండు'. రోజుకొకటి వేస్తే ఆ ఎపిసోడ్ వచ్చేసరికి తనకి 86. వారానికి రెండు వేస్తే 93. పట్టిక కింద ఇలా ఉంది: '86 దాకా ఉంటానేమో. ప్యాట్‌ని నేను సాగనంపాలి. మీకు ఏ టైము వీలైతే ఆ టైముకే వేయండి, నేను లేచి కూర్చుంటాను. ఎపిసోడ్లు మాత్రం తగ్గించకండి.'

మా డైరెక్టరు ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. 'ఈ లెక్క నిజమేనా' అని అడిగారు. నేను కూర్చుని వేశాను. నిజమే. అప్పటిదాకా మాలో ఒక్కరం కూడా అలా వేసి చూడలేదు. ఆ కాగితాన్ని షెడ్యూల్ బోర్డు పక్కన పిన్నుతో గుచ్చాం.

7:30 తిరిగి ఇవ్వలేకపోయాం, దాన్ని వేరే కార్యక్రమానికి ఇచ్చేశాం. కానీ 2009లో డిజిటల్ ప్రసారాలకి మారాక ప్రతి స్టేషన్‌కీ అసలు ఛానల్‌తో పాటు ఇంకో రెండు మూడు సబ్‌ఛానళ్లు నడిపే వీలు వచ్చింది. మా రెండో ఛానల్లో రాత్రి 8కి ఒక అరగంట పునఃప్రసారాలతో నిండి ఉండేది. అక్కడ సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు ఎపిసోడ్లు పెట్టాం. శనివారం రాత్రి అసలు ఛానల్లో వాటిలో రెండు మళ్లీ వేశాం. సబ్‌ఛానల్లో ప్లెడ్జ్ డ్రైవ్ జరగదు కాబట్టి వారానికి నాలుగు వేసినా ఏడాదికి 205 దాకా నిలిచాయి. అంటే అసలు ఛానల్లో ఐదు వేసినప్పటికన్నా కాస్తే తక్కువ. మాకు అదనంగా అయిన ఖర్చు కూడా పెద్దది కాదు, ఎందుకంటే హక్కుల కాగితంలో ఒక్కో ఎపిసోడ్‌ని ఒకటికన్నా ఎక్కువసార్లు వేసుకునే వీలు ముందే ఉంది.

2019 వేసవిలో ప్యాట్ ఎపిసోడ్ మా దగ్గర వచ్చింది. ఆ సెప్టెంబరులో ఆవిడ మెంబర్‌షిప్ రెన్యూవల్ చెక్కు వచ్చింది, ఎప్పటిలాగే 60 డాలర్లు. చెక్కు కింద మెమో అని ఉండే గీత మీద పెన్సిల్‌తో 'ప్యాట్' అని రాసి ఉంది.

ఇక మీరు చేయాల్సిన పని.

ఎవరికి రాయాలి: స్టేషన్ వెబ్‌సైట్‌లో సిబ్బంది పేజీలో ప్రోగ్రామింగ్ డైరెక్టర్ అనో కంటెంట్ డైరెక్టర్ అనో ఒకరు ఉంటారు. ఆ మనిషికి పేరు పెట్టి రాయండి. ప్రేక్షకుల సేవా విభాగానికి రాస్తే అది ఒక సంఖ్యగా మారి నెలాఖరు పట్టికలోకి పోతుంది. ఫేస్‌బుక్‌లో రాసింది ప్రోగ్రామింగ్ వాళ్లదాకా రావడం నేను అరుదుగా చూశాను. కాగితం మీద రాస్తే ఇంకా మంచిది. చాలా స్టేషన్లకి ఊరివాళ్లతో ఒక సలహా మండలి కూడా ఉంటుంది, దాని సమావేశాలకి ఎవరైనా వెళ్లొచ్చు. వెబ్‌సైట్‌లో తేదీ చూసుకుని ఒకసారి వెళ్లి రెండు నిమిషాలు మాట్లాడండి. మా దగ్గర ఆ సమావేశాలకి బయటివాళ్లు ఏడాదికి నలుగురైదుగురికి మించి వచ్చేవాళ్లు కాదు, అందుకే వచ్చినవాళ్ల మాట అందరికీ గుర్తుండేది.

ఎప్పుడు రాయాలి: షెడ్యూల్ ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే గట్టిపడుతుంది. ఆ తర్వాత లిస్టింగులు పంపేస్తారు, ప్రోగ్రామ్ గైడ్ ప్రింటుకి పోతుంది. ఈ నెల రాసింది రెండు మూడు నెలల తర్వాతే ఫలిస్తుందని అనుకోండి. చాలా స్టేషన్లకి జులై 1న లెక్కల ఏడాది మొదలవుతుంది, కొత్త విడత ఎపిసోడ్లు కొనాలా వద్దా అన్నది వసంతంలో తేలుతుంది. ఆ నిర్ణయానికి ముందు మీ ఉత్తరం వాళ్ల బల్ల మీద ఉండాలి.

ఏం రాయాలి: మొదట, సీరియల్‌ని ఆపకుండా ఉంచినందుకు కృతజ్ఞతలు. తర్వాత పైన చెప్పిన లెక్క, మీ స్టేషన్ సంఖ్యలతో. తర్వాత ఒక్కటే కోరిక: 'సబ్‌ఛానల్లో అయినా సరే, ఏ టైముకైనా సరే, వారానికి నాలుగు వేయండి.' మీరు మెంబరైతే ఎన్నేళ్ల నుంచో రాయండి. కాకపోతే చిన్న మొత్తంతోనైనా చేరి, చందా ఫారంలో ఏ కార్యక్రమం కోసమో రాసే చోట 'ఈస్ట్‌ఎండర్స్' అని రాయండి. ఆ గడిలో పేరు కనబడితే లోపల వాదించే మనిషి చేతికి ఆయుధం ఇచ్చినట్టే. బెదిరింపు మాటలు వద్దు.

ఈలోగా చూసే మార్గాలు. రికార్డు చేసుకోవడం సులువే, కానీ ఒక చిక్కుంది. మన పంచాంగంలో సూర్యోదయం నుంచి రోజు మొదలైనట్టే, ఇక్కడి స్టేషన్లకి కూడా రోజు తెల్లవారుజామున మొదలవుతుంది. వాళ్లు 'శనివారం రాత్రి 12:00' అని చెప్పే రెండో ఎపిసోడ్ క్యాలెండర్ ప్రకారం ఆదివారం. రికార్డర్‌లో శనివారం అని చేత్తో పెడితే మొదటిదొక్కటే వస్తుంది. సీరియల్ పేరు మీద రికార్డింగ్ పెట్టండి, చివర ఐదు నిమిషాలు ఎక్కువ ఉంచండి. దరువు తెగిపోతే ఆవిడకి ఎపిసోడ్ చూసిన తృప్తి ఉండదు. చూపించేటప్పుడు రెండూ ఒకేసారి పెట్టకుండా ఆదివారం ఒకటి, బుధవారం ఒకటి, పాత 7:30కే పెట్టి చూడండి.

స్టేషన్ సబ్‌ఛానల్‌కి మారిస్తే కేబుల్లోనూ ఇంటర్నెట్ టీవీ ప్యాకేజీల్లోనూ అది రాకపోవచ్చు. మామూలు యాంటెన్నా ఒకటి కొని టీవీలో ఛానళ్లు మళ్లీ స్కాన్ చేస్తే ఉచితంగా వస్తుంది. చందాదారులకి పీబీఎస్ ఇంటర్నెట్‌లో చూపించే పీబీఎస్ పాస్‌పోర్ట్‌లో వెతకొద్దు, ఇది పీబీఎస్ పంచే కార్యక్రమం కాదు కాబట్టి సాధారణంగా అక్కడ ఉండదు.

బ్రిటిష్ కార్యక్రమాలు ఇంటర్నెట్‌లో చూపించే బ్రిట్‌బాక్స్ గురించి కూడా అడిగారు. 2003లో బీబీసీ అమెరికా ఛానల్ ఈ సీరియల్‌ని ఆపేశాక చాలా ఏళ్లు పబ్లిక్ స్టేషన్లే అమెరికా అభిమానులకి పెద్ద దిక్కు. 2017లో బ్రిట్‌బాక్స్ మొదలయ్యాక బ్రిటన్‌లో వేసిన రోజుకి ఒక రోజు తేడాతో కొత్త ఎపిసోడ్లు ఇక్కడ చూసే వీలు వచ్చింది. మీ వయసువాళ్లకి అది చాలు. కానీ మీ అత్తగారిని ఒక్కసారిగా 13 ఏళ్లు ముందుకి తీసుకెళ్లి కూర్చోబెడితే ఆ వీధిలో ఆవిడకి తెలిసిన మొహాలు సగం ఉండవు. 'ఆ జైనబ్ మా బ్రాడీపేట వీధిలో పక్కింటావిడే' అంటారని రాశారు కదా. 2007లో ఆ వీధికి వచ్చిన మసూద్ కుటుంబం, ఇల్లంతా గుప్పిట్లో పెట్టుకునే జైనబ్, ఉత్తరాలు పంచే మసూద్, వీళ్ల కోసమే ఆవిడ టీవీ ముందుకి వస్తున్నారని నాకు అర్థమైంది. వాళ్ల కథ తర్వాత ఏమవుతుందో ఇక్కడ రాయను. మీరు ఈ జవాబు ఆవిడకి చదివి వినిపిస్తారేమోనని.

ఇంకొక్క మాట. ఉత్తరం మీరు రాయకండి, ఆవిడ చేత రాయించండి. తెలుగులోనే రాయమనండి, రోజూ ఎన్నింటికి అన్నం తిని టీవీ ముందు కూర్చునేవారో, జైనబ్‌ని చూస్తే ఎవరు గుర్తొస్తారో, ఇంగ్లిష్ సగమే అర్థమైనా ఎలా చూస్తారో. కింద మీరు ఇంగ్లిష్‌లో రాసి, ఎపిసోడ్ల లెక్క పట్టిక గీసి పెట్టండి. మా బోర్డు మీద ఆ పెన్సిల్ కాగితం పక్కన పోలిష్‌లో రాసిన ఉత్తరం ఒకటి, స్పానిష్‌లోవి రెండు ఉండేవి. నేను ఉద్యోగం వదిలే రోజున కూడా వాటిని ఎవరూ తీయలేదు. సంఖ్యలు సరిచూడాలంటే మీ స్టేషన్ గత ఏడాది షెడ్యూల్ పంపండి, నేను వేసి ఇస్తాను.